జూదంలో చిక్కుకున్న మనిషి ఇంటివారికి తోటి కుటుంబాల సమావేశాలు నిజంగా ఉపయోగపడతాయా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీ భర్త నాలుగేళ్ళుగా ఆన్‌లైన్ రమ్మీలోనూ క్రికెట్ బెట్టింగులోనూ కూరుకుపోయారు. అప్పు పద్నాలుగు లక్షలు దాటింది. ఒకసారి మీ పుట్టింటివారు, మరోసారి అత్తగారు తీర్చినా మళ్ళీ అంత అప్పూ బయటపడింది. చికిత్సకు రమ్మంటే ఆయన రానంటున్నారు. ఇలాంటి కుటుంబాలవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే సమావేశాలు ఉంటాయని ఎవరో చెప్పారు. "ఆయన రాకుండా నేనొక్కదాన్నే వెళ్తే ప్రయోజనం ఏమిటి, నలుగురిలో పరువు పోదా, గుంటూరులో అలాంటివి ఎక్కడుంటాయి" అని మీరు అడిగారు. ఈ సంగతి ఎవరికీ తెలియకూడదని అత్తగారు గట్టిగా చెప్పారని కూడా రాశారు.

వెళ్ళండి. ఆయన వచ్చినా రాకపోయినా మీరు వెళ్ళండి. మీ ఊళ్ళో సమావేశం లేకపోతే మూడు కుటుంబాలతో మొదలుపెట్టవచ్చు. అయితే ఆ సమావేశం ఆయన చేత ఆట మాన్పిస్తుందనే ఆశతో మాత్రం వెళ్ళకండి, అది దాని పని కాదు. ఇంతకాలం ఒక్కరే మోస్తున్న విషయాన్ని భయం లేకుండా చెప్పుకునే చోటు అక్కడ దొరుకుతుంది. ఇదే కష్టాన్ని మీకంటే రెండు మూడేళ్ళు ముందు చూసినవారు డబ్బు దగ్గర, మాట దగ్గర, పిల్లల దగ్గర ఏం చేశారో వారి నోటితోనే వినగలుగుతారు. దానివల్ల ఇంట్లోంచి ఆటకు డబ్బు వెళ్ళే దారులు ఒక్కొక్కటిగా మూసుకుంటాయి. ఆయన మనసు మారడానికి అది తోడ్పడే అవకాశం ఉంది. తోడ్పడకపోయినా మీరూ పిల్లలూ నిలదొక్కుకుంటారు.

నేను విజయవాడ పరిసరాల్లోని ఒక వ్యసన చికిత్సా కేంద్రంలో సామాజిక కార్యకర్తగా పనిచేస్తూ, చాలా ఏళ్ళుగా ప్రతి వారం కుటుంబాల సమావేశం నిర్వహిస్తున్నాను. మా పెద్దన్నయ్య పేకాట క్లబ్బుల్లో పొలం పోగొట్టిన ఇంట్లోనే పెరిగాను కాబట్టి అక్కడికి వచ్చేవారిలో నేనూ ఒకరిని. కింద ప్రస్తావించిన కుటుంబాలను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.

మొదట జబ్బు సంగతి. జూదం మానలేకపోవడాన్ని వైద్యశాస్త్రం ఇప్పుడు వ్యసనంగానే లెక్కిస్తోంది. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో వెలువరించిన వర్గీకరణలో దానిని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాలున్న అధ్యాయంలోకి చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలోనూ అది ఉంది. దానికి మాటల ద్వారా చేసే చికిత్స ఉంది, అవసరమైనవారికి మందులూ ఉన్నాయి. తోటి కుటుంబాల సమావేశం ఆ చికిత్సకు బదులు కాదు. చికిత్స ఆ మనిషికి, సమావేశం ఇంటివారికి.

తాగుడు ఉన్న ఇంటికీ జూదం ఉన్న ఇంటికీ పెద్ద తేడా ఒకటుంది. తాగినవాడు ఇంట్లో అడుగుపెట్టగానే తెలిసిపోతుంది. చేతిలో ఫోను పట్టుకుని పడకగదిలో కూర్చున్న మనిషి ఆఫీసు పని చేస్తున్నాడో రెండు లక్షలు పోగొట్టుకుంటున్నాడో పక్కన పడుకున్న భార్యకు కూడా తెలియదు. వాసన లేదు, తూలడం లేదు. అందుకే ఈ సంగతి బయటపడే రోజు ఒక్కసారిగా వస్తుంది: లోన్ యాప్ నుంచి ఫోను, లేదా తాకట్టు కొట్టు రసీదు, లేదా పిల్లల ఫీజు కట్టలేదని స్కూలు నుంచి కబురు. ఆ రోజున భార్యను డబ్బు కంటే ఎక్కువగా పడగొట్టేది ఇన్నేళ్ళూ తనకు అబద్ధం చెప్పారన్న సత్యం. ఏది నిజమో ఏది కాదో తన బుద్ధినే తాను నమ్మలేని స్థితికి చేరుకుంటుంది. అలాంటి మనిషికి "నాకూ అంతే జరిగింది, నేనూ అలాగే పాత మెసేజీలన్నీ తెల్లవార్లూ వెతికాను" అని మరో స్త్రీ చెప్పడం చేసే మేలును నేను చదువుకున్న ఏ పద్ధతీ చేయలేదు. వైద్యుడు చెప్పేది సరైనదే అయినా, "ఆయన ఇంట్లో ఇలా జరగలేదు కదా" అనే మాట ఆమె మనసులో మెదులుతూనే ఉంటుంది.

రెండో తేడా అప్పు. జూదం ఆడే మనిషి దృష్టిలో ఆ అప్పును తీర్చగలిగేది కూడా మళ్ళీ ఆటే. పోయిన డబ్బును రాబట్టుకోవడానికే ఆడుతున్నానని అతడు నిజాయితీగా నమ్ముతాడు. ఆ స్థితిలో కుటుంబం ఒకేసారి అప్పంతా తీర్చేస్తే అతడికి కలిగే ఊరట నిజమైనదే, ఇక ఆడనని పెట్టే ఒట్టు కూడా ఆ క్షణంలో నిజమే. కాని లోన్ యాప్‌లో పాత బాకీ తీరగానే కొత్త పరిమితి తెరుచుకుంటుంది, అప్పిచ్చినవారిలో నమ్మకం తిరిగి వస్తుంది, ఇంట్లో ఇంకా అమ్మడానికి ఏదో ఉందని అతడికి తెలుస్తుంది. మీ ఇంట్లో రెండుసార్లు జరిగింది ఇదే. మా సమావేశానికి వచ్చే తెనాలి వైపు తండ్రి ఒకాయన, హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు కోసం మొదట బ్యాంకు డిపాజిట్లు తీశారు, తరువాత స్థలం అమ్మారు, చివరికి పొలం బేరానికి పెట్టిన రోజుల్లో మా దగ్గరికి వచ్చారు. ఆయనకు సలహా ఎవరూ ఇవ్వలేదు. ఎదురుగా కూర్చున్న ముగ్గురు, తాము ఏమేమి అమ్మారో, అమ్మిన ఎన్నాళ్ళకు మళ్ళీ అప్పు బయటపడిందో వరుసగా చెప్పారు. ఆయన ఆ పొలం అమ్మలేదు. ఇకపై అప్పు తీర్చేది నీ జీతంలోంచే, నెలనెలా, నేను పక్కన కూర్చుని లెక్క చూస్తాను అని కొడుకుతో చెప్పగలిగారు. ఆ కొడుకు కొన్ని నెలల తరువాత చికిత్సకు ఒప్పుకున్నాడు. అందరి ఇళ్ళలో అలా జరుగుతుందని నేను చెప్పను. కాని పొలం మాత్రం మిగిలింది, దానితోపాటు ఆ దంపతుల ముసలితనానికి ఆధారం మిగిలింది.

ఆ రోజు సమావేశంలోనే ఒక పెద్దావిడ ధర్మరాజు సంగతి ఎత్తారు. మొదటి ద్యూతంలో పోయినదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు, అయినా మళ్ళీ పిలిస్తే ధర్మరాజు వెళ్ళి కూర్చున్నాడు, అరణ్యవాసం వచ్చింది రెండోసారి ఆడినందుకే కదా అన్నారు. అప్పు తీర్చిపెట్టడం గురించి ఇంతకంటే బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

ఇక సమావేశం ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే తెలియకపోవడం వల్లనే చాలామంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోతారు. ఈ పద్ధతి కొత్తది కాదు. మద్యం వ్యసనపరుల కుటుంబాల కోసం 1951లో అమెరికాలో అల్-అనాన్ ఏర్పడింది. 1957లో లాస్ ఏంజెలెస్‌లో జూదం మానాలనుకునేవారి సంఘం మొదలయ్యాక, వారి కుటుంబాల కోసం గామ్-అనాన్ వచ్చింది. ఆ సంఘాలు అనుసరించే, పన్నెండు మెట్లుగా సాగే ఆత్మపరిశీలన పద్ధతిని మేము యథాతథంగా పాటించము కాని, కూర్చునే తీరును దానినుంచే నేర్చుకున్నాము. గంటన్నర సమయం. గుండ్రంగా కుర్చీలు. పేరు చెప్పాలనుకుంటే చెప్పవచ్చు, ఊరు చెప్పనవసరం లేదు. ఒకరు మాట్లాడేటప్పుడు మరొకరు అడ్డు రారు, "నువ్వు ఇలా చేసి ఉండాల్సింది" అనరు. ఎవరైనా తాము ఏం చేశారో, దానివల్ల ఏం జరిగిందో మాత్రమే చెబుతారు. మొదటిసారి వచ్చినవారు నోరు విప్పకుండా కూర్చుని వెళ్ళిపోవచ్చు. చాలామంది మొదటి రోజు ఏడుస్తారు. ఏడుపు ఆపమని ఎవరూ అనరు.

సమావేశంలో ఎవరూ ఎవరికీ అప్పు ఇవ్వకూడదు, అడగకూడదు. మా నియమాలన్నిటిలో నేను అన్నిటికంటే గట్టిగా పట్టుకునేది ఇదే. మన ప్రాంతంలో నలుగురు ఆడవాళ్ళు నెల నెలా కలిస్తే అక్కడ చీటీ మొదలవడం ఎంత సహజమో మీకు తెలుసు. ఆ చీటీ పాట వచ్చిన నెలలోనే సమావేశం చెడిపోతుంది, ఎందుకంటే ఆ గదిలోని ప్రతి ఇంట్లోనూ డబ్బుకోసం ఎదురుచూసే ఒక మనిషి ఉన్నాడు. అదే కారణంగా డ్వాక్రా సంఘాన్ని ఈ పనికి వాడుకోవద్దని కూడా చెబుతాను. ఆ సంఘాల బలం నాకు తెలుసు, వాటిమీద గౌరవం ఉంది. కాని అక్కడ బ్యాంకు అప్పుకు అందరూ కలిసి బాధ్యులు. మీ ఇంటి ఆర్థిక స్థితి తెలిస్తే మీకు వాటా ఇవ్వడానికి తోటి సభ్యులు జంకుతారు, ఆ జంకులో తప్పు కూడా లేదు. మనసు విప్పే చోటు వేరుగా, డబ్బు కలిసే చోటు వేరుగా ఉండాలి. బీమా పాలసీలు, జాతకాలు, తాయెత్తులు, ప్రార్థనా కూటాల ఆహ్వానాలు కూడా సమావేశం గుమ్మం బయటే ఆగాలి. కష్టంలో ఉన్నవారి చుట్టూ ఇవన్నీ చాలా త్వరగా చేరతాయి.

పరువు గురించి మీరు అడిగినదాన్ని నేను తేలికగా తీసుకోను. ఆడపిల్ల పెళ్ళి సంబంధాలు, కొడుకు ఉద్యోగం, ఇంటి అద్దె దాకా అన్నీ మాట మీద నడిచే ఊళ్ళలో ఆ భయానికి అర్థం ఉంది. అయితే ఒక్క విషయం గమనించండి. అప్పిచ్చినవారికి, లోన్ యాప్‌వారికి, ఆయన స్నేహితులకు ఈ సంగతి ఇప్పటికే తెలుసు. తెలియనిది మీకు సాయం చేయగలిగినవారికే. అందుకని అందరికీ చెప్పమని నేను అనడం లేదు; ఎవరికి చెప్పాలో మీరు ఎంచుకోమంటున్నాను. గుంటూరులో కలవడానికి భయమైతే మంగళగిరికో విజయవాడకో వెళ్ళండి. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది పక్క ఊరివారే. వాట్సాప్ గ్రూపు మాత్రం మొదట్లోనే వద్దు. అందులో మీ నంబరు, ఫొటో అందరికీ కనిపిస్తాయి, ఎవరు స్క్రీన్‌షాట్ తీసినా ఆపలేము, పైగా మీ ఫోను ఆయన చేతికి వెళ్ళే అవకాశం ఉంది. సమావేశం రోజు, సమయం ఎప్పటికీ మారకుండా ఉంటే గ్రూపు అవసరమే రాదు. మీకు నమ్మకం కుదిరిన ఒకరిద్దరి నంబర్లు చాలు.

అత్తాకోడళ్ళ విషయం కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే మన ఇళ్ళలో ఈ సమస్య అంతా అక్కడే ముడిపడుతుంది. తల్లి "పెళ్ళయ్యాకే వీడిలా అయ్యాడు" అంటుంది. భార్య "మీరు చిన్నప్పటినుంచి అడిగినదల్లా ఇచ్చి పెంచారు" అంటుంది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కోపంతో ఉన్నంతకాలం ఆడే మనిషి ఇద్దరి దగ్గరా వేరువేరుగా డబ్బు తీసుకోగలుగుతాడు. భార్య డబ్బు ఇవ్వనంటే తల్లి పింఛను ఉంది, తల్లి కాదంటే భార్య గాజులు ఉన్నాయి. అందుకే మా దగ్గర భార్యలకు ఒక వలయం, తల్లిదండ్రులకు మరో వలయం వేరుగా ఉంటాయి. ఒకే ఇంటివారిని మొదటి కొన్ని నెలల పాటు ఒకే వలయంలో కూర్చోబెట్టము. ఆశ్చర్యమేమిటంటే, తన కోడలి మాట వినని అత్తగారు, వేరే ఇంటి కోడలు అదే మాట చెబితే కంటనీరు పెట్టుకుని వింటుంది. వేరొక తల్లి "నేనూ నా కోడలినే అనేదాన్ని" అంటే, ఆ మాట ఇంటిదాకా వెళ్తుంది. ఇద్దరూ ఒకే మాట మీదికి వచ్చిన ఇంట్లో ఆటకు డబ్బు దొరకడం చాలా కష్టం. సమావేశం వల్ల జరిగే మేళ్ళలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఇదే.

ఏం చేయాలన్న ప్రశ్నకు ఒకే సమాధానం లేదని కూడా అక్కడే తెలుస్తుంది. ఆర్ఫర్డ్, వెల్లెమన్, కోపెల్లో అనే బ్రిటిష్ మనస్తత్వవేత్తలు వ్యసనం ఉన్న కుటుంబాలను చాలాకాలం పరిశీలించి, ఇంటివారు స్పందించే తీరును మూడు రకాలుగా చూశారు: సర్దుకుపోవడం, ఎదురు నిలవడం, దూరం జరగడం. ఏదీ ఎల్లప్పుడూ సరైనది కాదు, ఏదీ ఎల్లప్పుడూ తప్పు కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఒక ఆరు నెలలు సర్దుకుపోవడం తెలివైన పని కావచ్చు. అదే స్త్రీ తరువాత ఎదురు నిలవవచ్చు. ఒక్కొక్క దారిలో ఏం లాభం, ఏం నష్టం అనేది ఆమె కూర్చుని ఆలోచించుకోగలగడమే ముఖ్యం. గోవాలో మానసిక ఆరోగ్యం మీద పనిచేసే సంగత్ సంస్థ, ఆ పరిశీలన నుంచి వచ్చిన సహాయ పద్ధతిని మద్యం వల్ల బాధపడే కుటుంబాల కోసం, వైద్యులు కాని సాధారణ కార్యకర్తల ద్వారా అందించే ప్రయత్నం చేసింది. శ్రద్ధగా వినడం, కావలసిన సమాచారం ఇవ్వడం, దారులను తూచుకోవడంలో తోడుండడం, చుట్టూ ఉన్న ఆసరాను వెతకడం, ఇంకేం కావాలో చూడడం, ఇవే అందులోని అయిదు అడుగులు. వీటిలో ఏ ఒక్కదానికీ పెద్ద చదువు అవసరం లేదని నా అనుభవం చెబుతోంది. వినే ఓపిక మాత్రం కావాలి.

"మా ఆయనది జూదం కాదండీ, షేర్ మార్కెట్" అనేవారు ఈమధ్య ఎక్కువగా వస్తున్నారు. షేర్లు కొని దాచుకోవడం వేరు. రోజువారీ ఆప్షన్లలో, అంటే షేరు ధర ఎటు కదులుతుందనే అంచనా మీద పెట్టే ఒప్పందాల్లో, పోయిన డబ్బును సాయంత్రంలోగా రాబట్టాలని అప్పు తెచ్చి ఆడడం వేరు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ 2024లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు, వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అమెరికాలో ఉండే మన పిల్లల ఇళ్ళలో కూడా ఇదే రూపంలో ఈ సమస్య కనిపిస్తోంది. దాచడం, అబద్ధం, పోయినదాన్ని వెంటాడడం, ఈ మూడూ ఉన్నప్పుడు పేరు ఏదైనా ఆ ఇంటివారు మా సమావేశానికి తగినవారే.

ఇప్పుడు డబ్బు, చట్టం. సమావేశంలో ఒకరినుంచి ఒకరు నేర్చుకునే వాటిలో ఎక్కువ భాగం ఇవే కాబట్టి మీకు వెంటనే పనికివచ్చేవి చెబుతాను. మీరు సహరుణగ్రహీతగా గాని హామీదారుగా గాని సంతకం చేయని మీ భర్త వ్యక్తిగత అప్పుకు మీరు బాధ్యులు కారు. లోన్ యాప్‌లో మీ నంబరును పరిచయస్తులుగా ఇచ్చినంత మాత్రాన మీరు హామీదారు కాదు. ఖాళీ చెక్కు మీద, ఖాళీ ప్రామిసరీ నోటు మీద ఎవరు ఎంత బతిమాలినా సంతకం చేయకండి. చెక్కు చెల్లకపోతే కేసు సంతకం చేసినవారి మీదే వస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, అంటే పందేలు కాసే బుకీ తన పందెం బాకీని కోర్టు ద్వారా వసూలు చేసుకోలేడు. బ్యాంకులు, రుణసంస్థల వసూలు మనుషులు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తరువాత ఫోను చేయరాదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. ఫొటోలు మార్చి బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చేయండి. మీ పేరుమీదున్న అప్పులన్నీ చూపే సిబిల్ నివేదిక తెప్పించుకోండి, ఏడాదికొకసారి ఉచితంగా ఇస్తారు. తమ ఆధార్, పాన్, ఓటీపీలతో తమ పేరుమీదే అప్పు తీసుకున్నారని ఆ కాగితం చూశాకే తెలిసిన భార్యలు మా దగ్గర ఉన్నారు. ఇల్లు, స్థలం ఉంటే వాటిమీద తాకట్లు, లావాదేవీలు ఏమున్నాయో చూపే ఈసీ పత్రం తీయించి చూడండి. మీ నగలు స్త్రీధనం, వాటిని మీ ఒక్కరి పేరుమీదున్న లాకరులో పెట్టుకోవడం భర్తకు ద్రోహం కాదు. వీటన్నిటికీ న్యాయవాది సలహా కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100. సమావేశంలో విన్నదాన్ని అక్కడ సరిచూసుకున్నాకే అడుగు వేయండి, ఎందుకంటే ఒక ఇంటి కాగితాలు మరో ఇంటి కాగితాల్లా ఉండవు.

ఆట నిషేధించారు కదా, ఇక ఆగిపోతుంది అనుకునేవారికి ఒక మాట. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ 1974 నాటి జూద చట్టాలను సవరించి ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ నిషేధాలు అవసరమైనవే. కాని మీ భర్త నాలుగేళ్ళుగా ఆడుతున్నది నిషేధం ఉన్న రాష్ట్రంలోనే కదా. అధికారిక యాప్ మూతపడితే టెలిగ్రాం లింకు ద్వారా మరొకటి వస్తుంది. రాష్ట్ర చట్టంలో ఆడేవారికీ శిక్షలున్నందున చికిత్సకు వెళ్తే కేసు అవుతుందేమోనని కొందరు భయపడతారు. వైద్యుడి దగ్గరికో ఇలాంటి సమావేశానికో వెళ్ళడం నేరం కాదు, అక్కడ చెప్పుకున్నందుకు కేసు అయినవారిని నేను చూడలేదు.

ప్రాణానికి ముప్పు ఉన్నచోట సమావేశం కోసం ఎదురుచూడకండి. అప్పు బయటపడిన తరువాతి రోజులు అన్నిటికంటే ప్రమాదకరమైనవి. "నేను లేకపోతే మీకే మంచిది", "నా బీమా డబ్బుతో బతకండి" లాంటి మాటలు వినిపించినా, ఆయన ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయినా, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నది బయటికి వస్తుంది. పురుగుమందులు, నిద్రమాత్రలు ఇంట్లో అందుబాటులో ఉంచకండి, ఆయనను ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 రాత్రింబవళ్ళు ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. అపాయం కళ్ళెదుట ఉంటే 112. ఇదంతా మీకు కూడా వర్తిస్తుంది. మీకే బతకాలనిపించని రాత్రి వస్తే అదే నంబరుకు మీరు ఫోను చేయండి. ఆయన చేయి చేసుకుంటున్నా, డబ్బు కోసం బెదిరిస్తున్నా స్త్రీల సహాయ నంబరు 181 ఉంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఆర్థికంగా వేధించడాన్ని కూడా హింసగానే చూస్తుంది.

సమావేశాలన్నీ మంచివే అని కూడా నేను చెప్పను. రెండో వారానికే "వదిలేసి పుట్టింటికి వెళ్ళిపో" అని తీర్పు చెప్పే చోట, లేదా "ఆడది ఓర్చుకుంటేనే సంసారం" అని నోరు మూయించే చోట ఉండకండి. ఎవరి కష్టం పెద్దదో అనే పోటీ నడిచే చోట, ఒకే వ్యక్తి గంటసేపు మాట్లాడే చోట కూడా మేలు జరగదు. ఆట మానిన పురుషుడు వచ్చి తన కథ చెప్పడం అప్పుడప్పుడు బాగానే ఉంటుంది గాని, కుటుంబాల వలయాన్ని ఆయన నడపకూడదు, ఆయన ఉన్నచోట ఆడవాళ్ళు ఆయనను నొప్పించకుండా మాట్లాడటం మొదలుపెడతారు. మూడు నాలుగుసార్లు వెళ్ళి చూడండి. బయటికి వచ్చేటప్పుడు ఊపిరి కాస్త తేలికపడిందా, మరుసటి వారం చేయగలిగిన ఒక పని తెలిసిందా అని మిమ్మల్ని మీరే అడగండి.

ఎక్కడ వెతకాలంటే, మీకు దగ్గరలోని వ్యసన చికిత్సా కేంద్రానికో ప్రభుత్వాసుపత్రి మనోవైద్య విభాగానికో వెళ్ళి అక్కడి సామాజిక కార్యకర్తను అడగండి. జూదానికి ప్రత్యేకంగా లేకపోతే మద్యం వ్యసనపరుల కుటుంబాల అల్-అనాన్ సమావేశానికి వెళ్ళినా చాలావరకు పనికివస్తుంది. ఇంగ్లీషు వచ్చినవారికి, విదేశాల్లో ఉన్న మనవారికి గామ్-అనాన్ ఆన్‌లైన్ సమావేశాలు ఉన్నాయి. ఏదీ కుదరకపోతే ఆ సామాజిక కార్యకర్తనే, ఇలాంటి కష్టంతో వచ్చిన మరో రెండు కుటుంబాలను, వారి అనుమతితో, కలపమని అడగండి. స్థలం ఎవరి ఇల్లూ కాకూడదు. గ్రంథాలయంలో ఒక గది, సెలవురోజు స్కూల్లో ఒక తరగతి గది, చికిత్సా కేంద్రం పక్క హాలు చాలు. వారం, సమయం నిర్ణయించుకున్నాక ఇద్దరే వచ్చినా ఆపకండి. ఆ ఇద్దరిలో ఒకరు ఇంట్లో ఎంతో అబద్ధమాడి ఆ గంటన్నర సంపాదించుకుని వచ్చి ఉంటారు. తోటి స్త్రీలు కలిసి కూర్చుంటే ఏమవుతుందో మన నేలకు కొత్తగా ఎవరూ నేర్పనవసరం లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ తమ ఇళ్ళలోని సారా గోడు చెప్పుకున్న ఆడవాళ్ళ నుంచే 1992లో సారా వ్యతిరేక ఉద్యమం రగిలింది. మరుసటి ఏడాది అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వారు మొదట చేసిన పని, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో ఒకరికొకరు చెప్పుకోవడం.

పిల్లల గురించి మీరు అడగలేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇంట్లో ఏదో జరుగుతోందని తెలుసు. తనవల్లే అనుకునే ప్రమాదం ఉంది. "నాన్నకు ఒక జబ్బుంది, అది నీవల్ల వచ్చింది కాదు, మేము చూసుకుంటున్నాము" అన్నంత చెబితే చాలు. నాన్నమీద నిఘా పెట్టమని, ఫోను చూసి చెప్పమని మాత్రం ఆ పిల్లకు అప్పగించకండి.

అత్తగారితో వాదించకండి. ఆమె చెప్పొద్దనడంలో కొడుకుమీది భయం ఉంది, ఇచ్చిన డబ్బు పోయిందన్న బాధ కూడా ఉండి ఉండవచ్చు. "మన విషయం ఊళ్ళో ఎవరికీ చెప్పను అత్తయ్యా, మనలాంటి ఇంటివాళ్ళు కలిసే చోటుకు మాత్రం వెళ్ళివస్తాను, రెండు మూడుసార్లు వెళ్ళాక మీకూ నచ్చితే పెద్దవాళ్ళు కూర్చునే చోటు వేరుగా ఉందట, వద్దురుగాని" అని చెప్పి చూడండి. ఒప్పుకోకపోయినా వెళ్ళండి. మొదటిసారి వెళ్ళేముందు అప్పుల వివరాలు, ఎవరికి ఎంత, మీ సంతకం ఎక్కడెక్కడ ఉంది అనేవి మీకు తెలిసినంతవరకు ఒక నోటుపుస్తకంలో రాసి, ఇంట్లో కాకుండా పుట్టింట్లోనో నమ్మకస్తుల దగ్గరో ఉంచండి. సమావేశానికి ఆ పుస్తకం అవసరం లేదు, న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళిన రోజున అవసరమవుతుంది.